వాన పడితే బడి

ఊళ్ళో వాళ్ళంతా వాన కోసం మొక్కుకునేటప్పుడు నేనూ మొక్కుకునేదాన్ని. వాళ్ళకు చేను తడవాలి, నాకు కళం తడవాలి. కళం తడిస్తే వడ్లు ఆరబెట్టే పని ఉండదు. పని లేకపోతే ఆ పూటకు నన్ను బడికి వదులుతారు. దేవుడనేవాడు ఒకడున్నాడని నేను మనసారా నమ్మిన కాలం అదే. తర్వాత ఎప్పుడూ నమ్మలేదు.

సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు, ఈమె ఫలానా పుస్తకాలు చదివి హేతువాది అయిందని చెబుతుంటారు. పుస్తకాలు చాలా తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది సిమెంటు కళం.

తిరువళ్ళూరు నుంచి కడంబత్తూరు పోయే దారిలో, రైలు కట్టకు ఆనుకొని ఉండేది ఆ మిల్లు. ఉప్పుడు బియ్యం మిల్లు. తొట్లలో నానబెట్టిన వడ్లను ఆవిరి మీద ఉడికించి, సిమెంటు కళంలో పరిచి, ఎండిన తర్వాత ఆడించేవాళ్ళు. కళం వెనక వరసగా ఆరు రేకుల గదులు, ఆరు కుటుంబాలు. మా నాయన రొమ్ము జబ్బుకు మందుల కోసమని మొదలాళి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. యజమానిని మా పక్క అందరూ మొదలాళి అనే అంటారు. ఆ అడ్వాన్సు కింద నాయనా, అమ్మా, నేనూ ముగ్గురం మిల్లుకు వచ్చి పడ్డాం. రెండో ఏడాది నాయన పోయాడు. బాకీ పోలేదు. అది అమ్మ మీదికీ, ఎనిమిదేళ్ళ నా మీదికీ వచ్చింది.

అది ఎంత అన్నది నాకు ఈనాటికీ తెలియదు. అమ్మకూ తెలియదు. మాకు తెలిసిన కట్టుబాటు ఒక్కటే: ఇద్దరం కలిసి గేటు దాటకూడదు. అమ్మ సంతకు పోతే నేను లోపల ఉండాలి. నేను బడికి పోతే అమ్మ లోపల ఉండాలి. ఆ గేటుకు తాళం వేయడం నేనెప్పుడూ చూడలేదు. తాళం అవసరం లేకుండా చేసినవాడి తెలివిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పొద్దున ఆవడి ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళ రైలు కూత వేసేసరికి వడ్లు పరచడం మొదలుకావాలి. పెద్దవాళ్ళు పలకలతో నెట్టి పరుస్తారు. పిల్లలం పాదాలు ఈడ్చుకుంటూ చాళ్ళు తీసినట్టు నడిచి వడ్లు తిరగెయ్యాలి. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు, ఎండ పడమటికి వాలేదాకా. పిల్లలను అరకూలీలు అనేవాళ్ళు. ఆ సగం కూలీ కూడా బాకీలోకే పోయేది కాబట్టి సగమైనా ఒకటే, పూర్తయినా ఒకటే. నడుస్తున్నా ఒక కన్ను ఆకాశం మీద ఉండాలి. కళం మీద నీడ పడితే ఎవరు ముందు చూస్తే వాళ్ళు "మబ్బో!" అని అరవాలి. అందరం పరిగెత్తి వడ్లను కుప్పలు చేసి టార్పాలిన్లు కప్పాలి. ఉడికిన వడ్లు తడిస్తే బియ్యం కంపు కొడుతుంది, ఆ నష్టం మా నెత్తికే వస్తుంది.

వాన దినాల్లో పెద్దవాళ్ళకు గోతాలు కుట్టే పని, తొట్లు కడిగే పని ఉండేది. అరకూలీలకు ఏమీ ఉండేది కాదు. పని లేనివాళ్ళకు గంజి పొయ్యడం మొదలాళికి ఇష్టం లేదు. "పిల్లోళ్ళను బడికి తోలండ్రా, ఆడ మధ్యాన్నం అన్నం పెడతారు," అని ఆయనే అన్నాడు. నా చదువుకు మొదటి దాత ఆయనే. ఒక పూట గంజి మిగుల్చుకోవడానికి చేసిన దానం.

వానలో బడికి మామూలు పిల్లలు రారు. నేను గోతం ముసుగేసుకొని పోయేసరికి కారే పైకప్పు కింద నలుగురో అయిదుగురో ఉండేవాళ్ళు. మొదట్లో ఒకరోజు అయివారు గొడుగు విదిలిస్తూ అడిగాడు.

"నిన్న ఎందుకు రాలేదు మే?"

"నిన్న ఎండ కదా అయివారూ."

"ఎండొస్తే బడికి రారంట్రా!" అని పక్కనున్న పిల్లలతో నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. అప్పుడు ఆయన నా పాదాలు చూశాడు. వేళ్ళ సందుల్లో వడ్ల నూగుకు ఒరుసుకుపోయిన చర్మం. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

పిల్లలు తక్కువ కాబట్టి ఆయనకు తీరిక ఉండేది. ఆ తీరికంతా నాకు ఇచ్చాడు. బడి తమిళ బడి. నేను లెక్కలు చేస్తూ పెదవుల కింద తెలుగులో ఎంచుకోవడం విని, "ఇంట్లో మాట్లాడే మాటకు అక్షరం తెలీకపోతే ఎట్ల మే?" అని తెలుగు కూడా దిద్దించాడు. ఆయనది ఎన్నో తరాల కింద వచ్చి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. పలకకు ఒక పక్క తమిళం, ఇంకో పక్క తెలుగు. ఈ వ్యాసం ఏ అక్షరాల్లో రాస్తున్నానో అవి నాలుగైదేళ్ళ పాటు వాన దినాల్లో మాత్రమే నేర్చుకున్నవి.

హాజరు పట్టీలో నా పేరు ఎదురుగా గీతలు చూసి ఆయన ఒకసారి అన్నాడు: "ఈ జిల్లాలో ఎన్నాళ్ళు వాన పడిందో తెలియాలంటే కలెక్టరు నీ వరస చూస్తే చాలు."

ఎండాకాలం వచ్చిందంటే నాకు దిగులు. అమ్మ చెప్పినట్టే తిరుత్తణి కొండ మీది సామికి మొక్కుకునేదాన్ని. బాయిలరు గోడ వెనక బొగ్గుతో, మొక్కిన దినానికి ఒక అడ్డ గీత, వాన పడిన దినానికి ఒక నిలువు గీత పెట్టాను. రెండేళ్ళు పెట్టాను. అడ్డ గీతలు బారులు తీరాయి. నిలువు గీతలు వాటికి ఇష్టం వచ్చిన చోట ఉన్నాయి. ఆ సంగతి పక్క గదిలో ఉండే అత్తకు చూపించాను. ఆమె మాకు బంధువు కాదు, గంజి పంచుకున్న వరస.

"నీ మొక్కు గట్టిది కాదే," అంది.

"మరి నీ మొక్కు గట్టిదేనా అత్తా?"

"గట్టిదే."

"ఏమి మొక్కుకున్నావు?"

ఆమె గోతం కుడుతున్న దబ్బనం ఆపి నా వైపు చూసింది. "గేటు దాటి పోవాలని," అంది. ఆ గోడ ముందు నేను పాఠంలాగా నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఆ చూపే. నమ్మేవాళ్ళను ఎగతాళి చేసే ఉపన్యాసాలు నాకు నోటికి రావు. నమ్మించి లాభపడేవాళ్ళ మీద మాత్రం నా నోటికి హద్దు లేదు.

అయిదో తరగతి పరీక్షలు నడి ఎండాకాలంలో. నేను రాలేనని అయివారికి తెలుసు. అందుకని కార్తీకం ముసురులోనే నన్ను ఒక్కదాన్నీ కూర్చోబెట్టి పరీక్ష పెట్టి, కాగితాలు బీరువాలో దాచాడు. అది రూలు కాదు. రూలు పాటించి ఉంటే నేను ఈనాడు వేలిముద్ర వేస్తుండేదాన్ని.

మా బడి అయిదుతోనే సరి. ఆ పైన చదవాలంటే తిరుత్తణిలో ఆడపిల్లల హాస్టలుందని ఆయన చెప్పాడు.

"ఆడ ఎప్పుడు పోవాల బడికి?"

"రోజూ."

"ఎండలో కూడానా?"

"ఎండలో కూడా. జూన్‌లో చేర్చుకుంటారు. అప్పటికి నువ్వు ఆ గేటు బయట ఉండాల."

ఈ మాటలు జరిగింది సంక్రాంతి వెళ్ళాక, తై నెలలో చివరి వాన కురిసిన రోజున. ఆ రోజే ఆయన బల్ల మీద చేతులు పెట్టుకొని, గొంతు తగ్గించి, ఎమర్జెన్సీలో ఒక చట్టం వచ్చిందనీ, అప్పు కింద మనిషిని కట్టిపెట్టుకోవడం నేరమనీ, అలాంటి అప్పు చెల్లదనీ చెప్పాడు. చట్టం వచ్చి అయిదారేళ్ళయినా అది మా గేటు దాటి లోపలికి రాలేదు. "నేను పిటిషన్ పెడతా ఉండా. తాసిల్దారు వస్తాడు. నిన్ను అడిగితే నిజం చెప్తావా?"

"చెప్తా," అన్నాను. మాట ఇవ్వడం ఎంత తేలికో.

ఆ మరుసటి నెల మాసి, దాని చివర్లో ఒక పొద్దున, రైలు కూత కంటే ముందే మొదలాళి వచ్చాడు. ఆయన చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో కర్పూరం. తాసిల్దారు వస్తున్నట్టు ఆఫీసులో ఎవరో ఆయన చెవిన వేశారు. మా అందరినీ కళంలో నిలబెట్టి కర్పూరం వెలిగించాడు. మా ప్రాంతంలో ప్రమాణమంటే అదే, మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాట చెప్పాలి. అటువంటి మాట కోర్టు కాగితం కంటే గట్టిది. తప్పితే ఆ చెయ్యే పుండై పోతుందని అందరి నమ్మకం.

"తిరుత్తణి సామి సాక్షిగా, నాకు ఈ మిల్లులో బాకీ లేదు, ఇష్టపడి పనిచేస్తా ఉండాను. అంతే చెప్పండి. సార్ అడిగినా అదే చెప్పండి," అన్నాడు. పెద్దగా అరవలేదు. ఆయనకు అరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఒక్కొక్కరే ఆర్పారు. అత్త ఆర్పింది. అమ్మ ఆర్పింది. కర్పూరం మళ్ళీ వెలిగించి నా ముందు పెట్టాడు. అయివారికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. చెయ్యి మంట మీద పెట్టాను కానీ అదిమి ఆర్పలేకపోయాను, వెనక్కీ తీయలేకపోయాను. అరచెయ్యి చురచురా కాలింది. అమ్మ నా చేతి మీద తన చెయ్యి వేసి అదిమేసింది. మంట ఆరింది. మాట నేను చెప్పానో, అమ్మ చెప్పిందో, ఇద్దరం కలిసి చెప్పామో.

తాసిల్దారు పది గంటలకు వచ్చాడు. ఎర్రటి ఎండ. వడ్లు పరిచి ఉన్నాయి. ఆయన తమిళంలో ఒక్కొక్కరినీ అడిగాడు, బాకీ ఉందా అని. లేదయ్యా. బలవంతం చేశారా అని. లేదయ్యా, మా మొదలాళి మాకు తండ్రి మాదిరి. అమ్మ కూడా తల వంచుకొని అదే చెప్పింది. ఆయన విసుక్కున్నాడు. పిటిషన్ మడిచి జేబులో పెట్టుకొని జీపు వైపు తిరిగాడు. పోతూ పోతూ, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగినట్టు నన్ను చూసి అన్నాడు.

"ఏం పాపా, బడికి పోతావా?"

"పోతాను సార్."

మొదలాళి నవ్వాడు. "అందరినీ పంపిస్తాం సార్. చదువుంటేనే కదా."

"చివరగా ఎప్పుడు పోయినావు?"

"పోయిన వాననాడు సార్."

ఆయన ఆగాడు. "అంటే?"

ఆ మాట పిల్లదానిగా తెలియక అనేశానని చాలామంది అనుకున్నారు. అయివారు కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాడు. కాదు. నాకు పన్నెండేళ్ళు దాటాయి, నేను ఏం అంటున్నానో నాకు తెలుసు. కాలిన అరచెయ్యి గుప్పిట్లో మూసుకొని చెప్పాను: "వాన పడితే బడి సార్. ఎండ కాస్తే కళం. మా నాయన తీసుకున్న బాకీ. నేనూ అమ్మా కలిసి గేటు దాటకూడదు."

వడ్ల మీద పిచ్చుకలు వాలినా తోలేవాళ్ళు లేరు. మొదలాళి, "చిన్నపిల్ల సార్, ఏదో," అన్నాడు. తాసిల్దారు జీపెక్కలేదు. నడుచుకుంటూ బడికి పోయాడు. అయివారు హాజరు పట్టీలు నాలుగేళ్ళవి ముందు పెట్టాడు. నా వరసే కాదు, మిల్లు పిల్లలందరి వరసలూ ఒకే దినాల్లో నిండి, ఒకే దినాల్లో ఖాళీగా ఉన్నాయి.

విడుదల కాగితాలు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ మిల్లులోనే. మొదలాళి మమ్మల్ని ఏమీ అనలేదు, గంజి నీళ్ళగా మారింది, అంతే. అన్నది మావాళ్ళే. "కర్పూరం ఆర్పి మాట తప్పినావు కదే, ఆ చెయ్యి నీకు కూడెత్తుకోవడానికి పనికొస్తాదా?" అని అత్తే అంది. "నువ్వు బడికి పోతావు. మేము యాడికి పోవాల? ఈ రేకులు పోతే మాకు తలదాచుకునే దానికి ఏముండాది?" ఆ సంగతి చట్టం రాసినవాళ్ళు కూడా ఆలోచించలేదు. అప్పు చెల్లదని రాశారు, మరుసటి పొద్దున పొయ్యి ఎలా వెలుగుతుందో రాయలేదు. అత్త కాగితం తీసుకోలేదు. ఇంకో మూడేళ్ళు అక్కడే ఉంది. ఆమె మీద నాకు ఆనాడు వచ్చిన కోపం ఇప్పుడు లేదు.

నా అరచేతిలో బొబ్బ లేచింది, పగిలింది, చాన్నాళ్ళు పచ్చిగానే ఉంది. అమ్మ రోజూ దాన్ని చూసేది. కాగితాలు రాగానే మేమిద్దరం మిల్లు వదిలాం; మణవాళనగర్‌లో కొత్త ఇళ్ళు కడుతుంటే అమ్మ అక్కడ ఇటుకలు మోసే పనికి కుదిరింది. మే నెల చివర ఒక మాట చెప్పింది: "హాస్టలుకు పోయే ముందు సామి కొండకు పోయి గుండు కొట్టిచ్చి తప్పు తీర్చుకోవాల. అంతవరకూ నిన్ను చేర్చను."

నేను ఏడ్చాను, తిట్టాను, అన్నం మానేశాను. అమ్మ కదల్లేదు. గుండుతో కొత్త బడికి పోవడం కంటే, తప్పు చేశానని ఒప్పుకోవడమే నాకు ఎక్కువ బాధ. కానీ చేర్చుకునే తేదీ దగ్గర పడింది. చివరికి అరక్కోణంలో రైలు మారి తిరుత్తణికి పోయాం. మెట్ల మీద వాదన మొదలుపెట్టాను. తర్వాత జీవితంలో చాలా వేదికల మీద వాదించాను, అంత కసిగా ఎక్కడా వాదించలేదు.

"మా, సామి ఉంటే మొదలాళిని ఎందుకు ఊరకున్నాడు?"

"ఆయన కత ఆయనది. నా కత నేను చూసుకోవద్దా?"

"నా చేతికి లేచిన బొబ్బ సామి ఇచ్చింది కాదు. మంటకు కాలింది. పొయ్యిలో చెయ్యి పెట్టినా ఇదే వస్తాది."

"ఎవురికి చెప్తా ఉండావు? పుట్టినకాడ్నించి పొయ్యి ముట్టిస్తా ఉండా. బొబ్బ ఎందుకొస్తాదో నాకు తెల్దా?"

నేను మెట్టు మీదే నిలబడిపోయాను. "మరి ఎందుకు ఎక్కేది?"

"ఎక్కు. మాటలతోనే ఆయాసమొస్తా ఉంది నీకు."

గుండ్లు కొట్టే షెడ్డులో చెక్క పీట ముందు మంగలి కత్తికి బ్లేడు మారుస్తున్నాడు. "పాపకా?" అన్నాడు. నేను పీట మీద కూర్చొని జడ విప్పుకున్నాను. అమ్మ నా రెట్ట పట్టుకొని లేపింది.

"లెయ్. నీకు కాదు."

"మరి?"

"నాకు." పీట మీద తనే కూర్చుంది. కొప్పు ముడి విప్పింది. "కర్పూరం ముందర ఒకసారి, ఆ సారు ముందర ఒకసారి, రెండుసార్లు అబద్దం చెప్పింది నేను. నీ చెయ్యి అదిమింది కూడా నేనే. నువ్వు చెప్పింది నిజం గదా. నిజానికి గుండెందుకే, పిచ్చిదానా?"

మంగలి నీళ్ళు చల్లుతూ, "ముందే చెప్తే పాప ఏడవకుండా ఉండును గదమ్మా," అన్నాడు.

"ఏడవనీ. కొండంతా నాతో కొట్లాడతా ఎక్కింది. నోరు బాగా సాగుతాది దానికి. చదువుకు పనికొస్తాది," అంది అమ్మ. నా వైపు చూడలేదు.

జుట్టు రాలుతుంటే నేను పక్కన నిలబడి చూశాను. మొగుడు పోయిన ఆడవాళ్ళ తల గొరిగించే ఆచారాన్ని తిడుతూ తర్వాత నేను చాలా రాశాను. రాసిన దాంట్లో ఒక్క మాట వెనక్కి తీసుకోను. అమ్మ గుండు మాత్రం ఆ రాతల్లో ఎక్కడా ఇమడలేదు. సామి లేడని నేను అమ్మకు రుజువు చేయగలను. అబద్ధం చెప్పినందుకు ఆమె పడిన బాధ లేదని ఎవరు రుజువు చేస్తారు? ఆమె చేత ఆ అబద్ధం చెప్పించినవాడు మాత్రం ఏ పీట మీదా కూర్చోలేదు. నాకు తెలిసి ఆయన జుట్టు చివరిదాకా నున్నగా దువ్వుకొనే ఉన్నాడు.

కొండ దిగి తిన్నగా హాస్టలుకు పోయాం. గుండుకు కొంగు కప్పుకొని అమ్మ రిజిస్టరులో వేలిముద్ర వేసింది. దాని కింద నేను సంతకం చేశాను, తమిళంలో ఒకసారి, అడక్కపోయినా తెలుగులో ఒకసారి. సాయంత్రం రైలుకు ఆమె మణవాళనగర్‌కు వెళ్ళిపోయింది. కాగితాలు వచ్చిన నాటి నుంచీ మేమిద్దరం ఒకేసారి గేటు బయటే ఉన్నామన్న సంగతి ఆమె పోయిన తర్వాతే నాకు తట్టింది.

వారం పది రోజులు ఎండే. రోజూ బడి. ఎండలో బడి ఎలా ఉంటుందో నాకు తెలియదు. గది నిండా పిల్లలు ఉంటారనీ, ఎవరి మాట ఎవరికీ వినపడదనీ, టీచరు నా ఒక్కదాని పలకే చూస్తూ కూర్చోదనీ అప్పుడే తెలిసింది. నాకు కొంచెం దిగులుగా కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం లెక్కల పాఠం జరుగుతుంటే కిటికీ దగ్గర నేల మీద నీడ పడింది. నేను "మబ్బో!" అని అరిచి, పుస్తకం కింద పడేసి, బయటికి పరిగెత్తాను. మైదానం మధ్యదాకా పరిగెత్తాను. రెండు చేతులూ కుప్ప చేయడానికి ముందుకు చాచి ఉన్నాయి. వడ్లు లేవు. ఎర్రమట్టి, ఒక పక్క కబడ్డీ గీతలు. వెనక తరగతి అంతా నవ్వుతోంది.

టీచరు గుమ్మంలోకి వచ్చింది. "ఏమైంది? ఎక్కడికి పరిగెత్తావు?"

ఏం చెప్పాలి? "ఏం లేదు టీచర్," అన్నాను. చినుకులు మొదలయ్యాయి. కప్పాల్సింది ఏమీ లేదు. తడుస్తూ వెనక్కి నడిచి వెళ్ళి నా చోట్లో కూర్చున్నాను. పక్క పిల్ల తన పావడా అంచుతో నా పుస్తకం మీద పడిన నీళ్ళు తుడిచింది.

మరుసటి రోజు ఎండ కాసింది. బడికి పోయాను.